రమ్ము, లెమ్ము, పొమ్ము



మన ఇండ్లలో ఒకరితో నొకరు చెప్పుకొను మాటలను ఒక పూట శ్రద్ధగా విన్నచో ఒక విషయము తోచును. మనకు మిక్కిలి దగ్గరివారు మిక్కిలి పొట్టి మాటలతోనే మనచేత పని చేయింతురు. తెల్లవారగానే తల్లి బిడ్డను లెమ్మనును. ముఖము కడుగుకొమ్మనును. అన్నము తినుమనును. ప్రయాణమై పోవు కొడుకును తండ్రి జాగ్రత్తగా వెళ్లి రమ్మనును. ఈ మాటలలో వివరణలు లేవు, షరతులు లేవు. పొడుగైన ఆజ్ఞలు కచేరీలనుండి వచ్చును. వానికి సంఖ్యయు, తేదీయు, ముద్రయు నుండును. వాని అర్థము చెప్పుటకు ప్లీడరు కావలెను. ఇంటిలోని పొట్టి ఆజ్ఞకు ప్లీడరు అక్కరలేదు. దానికి చెవియొకటి, కాళ్లు రెండు ఉన్న చాలును.

సువార్తలలో యేసుక్రీస్తు పలికిన ఆజ్ఞలు పెక్కు ఈ యింటిమాటల జాతికి చెందినవి. సుంకపు మెట్టు కడ కూర్చున్న లేవితో తన వెంట రమ్మని మాత్రమే చెప్పెను. మేడిచెట్టెక్కిన జక్కయ్యను త్వరగా దిగుమనెను. చేయి ఎండిపోయినవానిని ఆ చేతినే చాపుమనెను. కూతురు చనిపోయెనను వార్త విని తల్లడిల్లు యాయీరును భయపడవద్దనెను. నిద్రకు లొంగిన శిష్యులను మెలకువగా నుండుమనెను. ఆ శిష్యులే వేరొకనాడు జనసమ్మర్దమువలన భోజనమునకైనను తీరికలేక అలసియుండగా, ఏకాంతమునకు వచ్చి కొంచెము విశ్రమించుమనెను. ఈ పొట్టి ఆజ్ఞలు ఒక సామాన్య క్రైస్తవుని దినచర్యలో ఏమి చేయగలవో, వేనిని చేయజాలవో, నా యెరుకకొలది మనవి చేయుటయే నేటి ప్రసంగము. నేను బోధకుడను కాను. పల్లెటూరి బడిలో పిల్లలకు చదువు చెప్పి విశ్రాంతి పొందినవాడను. కాబట్టి వేదాంత చర్చకు పూనుకొనను.

మార్కు సువార్త గ్రీకు భాషలో వ్రాయబడినది. కాని యేసు దినమును మాటలాడిన భాష అరమేయికము. మార్కు కొన్ని తావులలో ఆ యరమేయిక శబ్దములనే విడువక నిలిపెను. చెవిటివాని చెవులను తెరచిన ‘ఎప్ఫతా’ అనునది అట్టి మాట. దానికి తెరచుకొమ్మని యర్థము. యాయీరు కుమార్తెను లేపిన ‘తలీతా కుమీ’ మరియొకటి. చిన్నదానా, లెమ్మని దాని భావము. ఇది మంత్రము కాదు. ఆ దేశపు తల్లి యెవతెయైనను పొద్దున కూతురిని లేపుటకు వాడదగిన మాట. మరణమును జయించిన ఆజ్ఞ నిద్ర లేపు మాటకంటె పెద్దది కాలేదు.

ఆ వెంటనే జరిగినదానిని మనము తరచుగా మరతుము. పండ్రెండేండ్ల ఆ పిల్ల లేచి నడిచెను. చుట్టునున్నవారు విస్మయముతో నిశ్చేష్టులైరి. అప్పుడు ఆయన మరియొక ఆజ్ఞ ఇచ్చెను: పిల్లకు తినుట కేమైన పెట్టుమనెను. అద్భుతమును చూచి తల్లిదండ్రులు పొయ్యి సంగతి మరచిరి గాని ఆయన మరువలేదు. విశ్వాసము గుడినుండి వంటయింటిలోనికి వచ్చుట ఎట్లో తెలిసికొనగోరువారికి ఈ యొక్క వాక్యము చాలును.

ఈ ఆజ్ఞలలో గమనింపదగిన లక్షణ మొకటి కలదు. మనుష్యుడు చేయగలదానిని ఆయన మనుష్యునికే విడిచిపెట్టెను. కానా వివాహమున ద్రాక్షారసము తక్కువపడగా పరిచారకులను బానలలో నీళ్లు నింపుమనెను. రసమును చేయుట వారి పని కాదు, నీళ్లు మోయుట వారి పని. వారు అంచులమట్టుకు నింపిరి. బేతనియలో లాజరు సమాధి కడ రాయిని తీయుమనెను. చనిపోయినవానిని పిలుచుట ఆయన వంతు, రాయి నెట్టుట బంధువుల వంతు. లాజరు వెలుపలికి వచ్చిన తరువాత కట్లు విప్పుమని మరల వారికే చెప్పెను. మనకు శక్యముకానిదానిని తలచి దిగులుపడుచు, శక్యమైన రాయిని గూడ నెట్టక కూర్చుండుట మన యలవాటు.

ఈ మాటలు తెలుగులోనికి వచ్చిన చరిత్రయు స్వల్పమైనది కాదు. లండను మిషనరీ సంఘమువారగు జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజి అను నిరువురు 1805లో విశాఖపట్టణమునకు వచ్చి తెలుగు నేర్చి అనువాదమునకు పూనిరి. ఆనందరాయరు అను తెలుగు బ్రాహ్మణ క్రైస్తవుడు వారికి తోడ్పడెను. క్రాన్ 1809లోను, డెగ్రాంజి 1810లోను మరణించిరి. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరామపురమున అచ్చయినవి. తమ శ్రమ అచ్చులో చూడకయే వారిరువురును పోయిరి. బానలు నింపినవారు రసము రుచి చూడకపోవుటయు కలదు.

మన భాషకు ఈ విషయమున ఒక సౌకర్యము కలదు. ఒక్కనితో చెప్పినప్పుడు ‘రమ్ము’ అందుము, పలువురతో ‘రండు’ అందుము. మూలమగు గ్రీకులోను ఈ భేదము కలదు. కావున సువార్త చదువునప్పుడు, ఇది గుంపుతో చెప్పిన మాటయా, ఒక్కనితో చెప్పిన మాటయా అని విచారించుట మంచిది. పలువురతో చెప్పిన యాజ్ఞను ఒక్కడే మోయజూచిన అలసిపోవును. ఒక్కనితో చెప్పినదానిని పలువురిమీదికి తోయజూచిన అది యెన్నడును నెరవేరదు.

పలువురతో చెప్పిన మాటకు ఉదాహరణము అరణ్యమునందలి విందు. పొద్దు వాలుచున్నది, జనులను పంపివేయుమని శిష్యులు కోరిరి. మీరే వారికి భోజనము పెట్టుడని ఆయన సెలవిచ్చెను. వారు వెంటనే లెక్క వేసిరి. రెండువందల దేనారముల రొట్టెలు కావలెనని చెప్పిరి. ఆయన ఆ లెక్కను త్రోసివేయలేదు, మీయొద్ద ఎన్ని రొట్టెలున్నవో పోయి చూడుడనెను. అయిదు రొట్టెలు, రెండు చేపలు తేలినవి. లేనిదాని లెక్కనుండి ఉన్నదాని లెక్కకు వారిని మరలించుటయే ఆ యాజ్ఞ చేసిన మొదటి పని.

మన సీమలో ఈ యాజ్ఞను అక్షరాల చేసి చూచిన సందర్భ మొకటి కలదు. 1876 మొదలు 1878 వరకు దక్షిణ దేశమును ఘోరమగు కరవు పీడించెను. ఒంగోలులో బాప్తిస్టు మిషనరీగానున్న జాన్ క్లౌ యౌవనమున అమెరికాలో భూమి కొలత పని నేర్చినవాడు. దొరతనమువారు కరవు పనిగా బకింగుహాము కాలువను త్రవ్వించుచుండగా, ఆయన మూడు మైళ్లకు మించిన భాగమును తాను గుత్తకు తీసికొని, ఆకలిగొన్న పల్లెజనులకు, అందులో ముఖ్యముగా మాదిగవారికి, పని చూపెను. ఉపదేశకులే మేస్త్రీలైరి. పగలు కొలతలు, కూలిలెక్కలు. ప్రొద్దుగ్రుంకిన పిమ్మట ప్రయాసపడువారిని రమ్మని పిలిచిన ప్రభువు మాట. ఇచ్చినది భిక్ష కాదు, కూలి. ఇది యొక విశేషము. కరవు సాయము సాగినంత కాలము బాప్తిస్మములను నిలిపివేయుట రెండవ విశేషము. కూటికొరకు వచ్చిరను మాట వారికి రాకూడదు, వారి మనస్సును తాను కొనుటయు కూడదు. సాయము ముగిసిన పిమ్మట 1878 జూలై 3వ తేదీన ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను చాలమంది చెప్పుదురు. దానికి ముందు గడచిన నెలల నిగ్రహమును చెప్పువారు తక్కువ. నాకు సంఖ్యకంటె ఆ నిగ్రహమే గొప్పదిగా తోచును.

అన్నము పెట్టుటతో ఆజ్ఞ ముగియునా? ముగియదని 1910లో ఎడింబరో మహాసభలో ధైర్యముగా చెప్పిన భారతీయు డొకడు కలడు. ఆయన వేదనాయకం శామ్యూల్ అజరయ్య. తిరునెల్వేలి సీమ తమిళుడు. తెలుగువారి నడుమ సేవకై దోర్నకలు వచ్చి తెలుగు నేర్చినవాడు. విదేశ మిషనరీలు ఈ దేశమునకు ధనమిచ్చిరి, ప్రాణములు గూడ నిచ్చిరి. అయినను తమకు కావలసినది స్నేహితులని ఆయన ఆ సభలో విన్నవించెను. ఒకరినొకరు ప్రేమింపుడను ఆజ్ఞ ఉపకారము చేసినంతమాత్రమున తీరదనియు, సరిసమానముగా పంక్తిలో కూర్చున్నప్పుడే తీరుననియు ఆ మాట సారాంశము. విన్నవారిలో కొందరికి అది రుచింపలేదు. 1912లో ఆయన దోర్నకలు బిషప్పుగా అభిషేకము పొందెను. ఆంగ్లికన్ సంఘమున ఆ పదవి నందిన మొదటి భారతీయు డాయనయే. 1945లో మరణించువరకు ఆ పల్లెల నడుమనే తిరిగెను.

ఇవి చరిత్ర కెక్కిన పెద్దల సంగతులు. ఇక ఒక్కనితో చెప్పిన ఆజ్ఞకు వత్తును. దీనికి నాకు వేరొకరి జీవితమునుండి ఉదాహరణము తెచ్చు అధికారము లేదు.

కొండమీది ప్రసంగమున యేసు జనులతో మాటలాడుచు, నరహత్యనుగూర్చి, కోపమునుగూర్చి చెప్పుచు, అంతవరకు ‘మీరు’ అన్నవాడు హఠాత్తుగా ‘నీవు’ అనుటకు మొదలిడును. నీవు బలిపీఠము కడ కానుక నర్పింపబోవుచు, నీ సహోదరునికి నీమీద విరోధమున్నదని జ్ఞాపకము వచ్చినయెడల, కానుకను అక్కడనే విడిచి, మొదట పోయి సమాధానపడుమని ఆ మాట భావము. సమూహమంతయు వినుచుండగా ఒక్కని భుజముమీద చేయివేసి ప్రక్కకు పిలిచినట్లుండును.

నేను ఈ భాగమును ఆదివారపు బడిలో ఎన్నియో మారులు బోధించితిని. ఒకనాడు ఒక పిల్లవాడు లేచి, “మాస్టారూ, సహోదరుడంటే సొంత అన్నదమ్ములా, అందరూనా?” అని యడిగెను. “అందరూ” అంటిని. ఆ జవాబు తప్పు కాదు. కాని ఆ ‘అందరు’ అను మాట చాటున నేను ఒక్కనిని దాచితిని. అప్పటికి పదునొకండేండ్లనుండి నా సొంత అన్నగారితో నాకు మాటలు లేవు.

తగవు పెద్దది కాదు. మా తండ్రిగారి మాగాణిని పంచుకొన్నప్పుడు నడుమ వేసిన గెట్టు కాలక్రమమున నా వైపునకు జరిగినది. కొలిపించగా మూడు సెంట్లు తేడా తేలినది. నేను ఉద్యోగరీత్యా దూరమున నుండి ప్లీడరుచేత నోటీసు పంపితిని. అంతటితో రాకపోకలు నిలిచినవి. ఊరిలో నున్న ఒక్క గుడిలోనే ఆయన ఎడమ వరుసలోను, నేను కుడి వరుసలోను కూర్చుండి, ఒకే పాత్రనుండి ప్రభు సంస్కారము పుచ్చుకొని, రెండు త్రోవల ఇండ్లకు పోవుచుంటిమి.

పిల్లవాడడిగిన రాత్రి ఆ వాక్యమును మరల చదివితిని. పదునొకండేండ్లుగా నేను చూడనిది అప్పుడు కనబడినది. నీకు నీ సహోదరునిమీద విరోధమున్నయెడల అని అక్కడ లేదు. నీ సహోదరునికి నీమీద విరోధమున్నయెడల అని యున్నది. నా లెక్క నాకు కంఠస్థమే, మూడు సెంట్లు. ఆయన లెక్కను నేనెన్నడును వేయలేదు. ఆ రాత్రి వేసితిని. తండ్రిగారు పక్షవాతముతో ఎనిమిది నెలలు మంచమున పడియుండగా ఎత్తినవాడు, కడిగినవాడు, కన్నుమూసిననాడు అప్పు తెచ్చినవాడు అన్నగారు. నేను రెండు మారులు చూచి పోయితిని. అన్నిటికంటె పెద్దది మరియొకటి కలదు. మా యింట ఒక్కనినే చదివింపగల శక్తి యుండెను. ఆయన మూడవ తరగతితో బడి మాని కాడి పట్టెను, నేను చదువుకొంటిని. నన్ను చదివించుటకై చదువు మానినవాడు, నేను పంపిన నోటీసును అరుగుమీద పదిమంది యెదుట మరియొకనిచేత చదివించుకొని వినవలసివచ్చినది.

మూడు సెంట్ల విషయమున న్యాయము నాదే. ఇప్పటికిని నేను అట్లే తలతును. కాని పొమ్మన్న ఆజ్ఞ న్యాయమెవరిదో తేల్చుకొని పొమ్మనలేదు.

మరుసటి ఆదివారమునకు ముందే పోయితిని. త్రోవపొడుగున ఏమేమి చెప్పవలెనో కూర్చుకొంటిని. ఆయన వాకిట మంచమునకు నులక బిగించుచుండెను. కూర్చుకొన్నదంతయు జారిపోయి, “అన్నయ్యా, ఆ నోటీసు పంపడం నా తప్పు” అని మాత్రము అంటిని. ఆయన తల యెత్తలేదు. నులక చివర ముడివేసి, మంచమును చేతితో అదిమి చూచి, “కూర్చో” అనెను. కొంతసేపటికి వదినగారు మజ్జిగ తెచ్చి, “తాగు మరిదీ” అనిరి. గెట్టు మాట మాలో ఎవరమును ఎత్తలేదు. కూర్చుండుమనుట, త్రాగుమనుట. ఇంతకంటె పొడుగైన మాట ఆనాడు ఆ వాకిట పలుకబడలేదు.

వెంటనే అంతయు చక్కబడెనని చెప్పినచో అబద్ధమగును. ఏడాదివరకు ఆయన మా గడప తొక్కలేదు. పొమ్మను ఆజ్ఞ నా కాళ్లకే గాని ఆయన మనస్సుకు కాదు. ఎదుటివాడు మెత్తబడునని అది మాట యీయలేదు. అది చేయజాలని పని యిదియే. ఏడాది గడచిన పిమ్మట ఒక సాయంకాలము ఆయన గుమ్మడికాయ యొకటి భుజాన పెట్టుకొని వచ్చెను. అటుతరువాత నాలుగేండ్లు జీవించెను. ఆ నాలుగేండ్లు నాకు దక్కినవి. పదునొకండేండ్లు దక్కలేదు. మూడు సెంట్లు ఇప్పటికిని గెట్టున కావలనే ఉన్నవి. ఆయన కుమారుడు దున్నుకొనుచున్నాడు.

శ్రోతలారా, ఇట్టి యనుభవమువలన నేను నేర్చుకొన్న రెండు మూడు విషయములను చెప్పి ముగింతును.

మొదటిది: ఆజ్ఞ పొట్టిది గనుక దానిని ఇతరులమీద విసరుట సులభము. కూలి యెగవేయబడిన పేదవానితో, ఎగవేసినవాడే క్షమింపుమని చెప్పుట సువార్త కాదు, క్రౌర్యము. దిగుమన్న ఆజ్ఞను విని చెట్టుదిగిన జక్కయ్య, తాను అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు తిరిగి ఇత్తుననియు, ఆస్తిలో సగము బీదలకిత్తుననియు చెప్పెను. ఎవరిని క్షమింపుమని కోరుదుమో వారి సొమ్ము మొదట వారికి చేరవలెను. ఆజ్ఞను ముందుగా తనమీదనే ప్రయోగించుకొనువానికి ఇతరులతో చెప్పు అవసరము అంతగా కలుగదు.

రెండవది: వీనికి ఒక వరుస కలదు. రమ్మనుట ముందు, పొమ్మనుట తరువాత. శిష్యులను పంపకముందు తనయొద్ద నుండుటకు పిలిచెను. పిలుపు వినకయే పరుగెత్తువాడు త్రోవలో అలసి, తోడివారిపై విసుగుకొనును. సంఘకార్యములలో తలమునకలైయుండు మనవంటివారు, విశ్రమించుమన్న మాటయు ఆజ్ఞయేనని జ్ఞాపకముంచుకొనవలెను. ఈ యాజ్ఞలను చేసి కృపను సంపాదింపవలెనని క్రైస్తవ విశ్వాసము చెప్పదు. కృప పొందినవాని నడక ఇట్లుండునని చెప్పును. తల్లి లెమ్మన్నందున బిడ్డ బిడ్డ యగుట లేదు. బిడ్డ గనుకనే తల్లి లెమ్మనుచున్నది.

మూడవది: అన్నిటిని ఒక్కమారుగా ఎత్తుకొనబోవుటకంటె, ఒక వారమునకు ఒక్క మాట చాలును. ఈ వారము భయపడకుమను మాట. పై వారము తీర్పు తీర్చకుమను మాట. మరియొక వారము అడుగుమను మాట. దానిని తెల్లవారునప్పుడు తలచి, పొలముగట్టుమీదను, కచేరీలోను, బస్సులోను, పొయ్యికడను చేసి చూచి, రాత్రి దీపమార్పక ముందు ఎక్కడ తప్పితినో చూచుకొన్న చాలును. ఒక సంవత్సరమునకు ఏబదిరెండు వారములు. జీవితకాలమునకు అవి తక్కువ కావు.

మీలో ఎవరికైనను ఈపాటికి ఒక ముఖము జ్ఞాపకము వచ్చియుండవచ్చును. అట్లు వచ్చినయెడల ఏమి మాటలాడవలెనని చింతింపవద్దు. నేను త్రోవపొడుగున కూర్చుకొన్న మాటలలో ఒక్కటియు పనికిరాలేదు. పోయిననాడు రెండు మాటలు చాలును. ఆలస్యము మాత్రము చేయవద్దు.